ముందు బండికి, తర్వాత పల్లెకు

నా ఉద్యోగంలో చివరి వేసవిలో జరిగిన అన్యాయాలను ముందుగా వరుసగా రాస్తున్నాను. తేదీలతో సహా నా దగ్గర భద్రంగా ఉన్నాయి. ఇక్కడికి నెలలు చాలు.

ఫిబ్రవరి నెలాఖరు: మార్కాపురం ఆఫీసులో నీటి పనుల కోసం ఉంచిన డీజిలు జీపును, దానిలో తిరిగే మమ్మల్ని ఒక్క మాట అడగకుండా, వేలానికి పంపారు.

మార్చి మొదటి వారం: దాని స్థానంలో ఎలక్ట్రిక్ కారు వచ్చింది. బ్యానరు కట్టి, రిబ్బను కత్తిరించి, నన్ను దాని పక్కన నిలబెట్టి ఫొటో తీశారు.

మార్చి నెలాఖరు: మండలాల్లో ఛార్జింగు ఏర్పాటు లేదని, ఈ బండితో అడవి పల్లెలకు పోయి రావడం కుదరదని రాశాను. పరిశీలనలో ఉందని జవాబు. నేను రిటైరయ్యాను, అది ఇంకా పరిశీలనలోనే ఉంది.

ఏప్రిల్: సామాను తరలించడానికి పిలిపించిన ట్రాలీ ఆటో బిల్లును తిప్పి పంపారు. ఆఫీసుకు పొగలేని వాహనం ఉండగా డీజిలు బండి ఎందుకని కారణం రాశారు.

మే, రెండో శుక్రవారం: ఆ రోజు సంగతి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

జూన్: పుల్లలచెరువు మండలంలో ఒక అడవి అంచు పల్లె పంపు ఆపరేటరును, నిర్లక్ష్యం అనే మాట రాసి, పనిలోంచి తీసేశారు.

జులై: ఆ కారు వాడి పొగ తగ్గించినందుకు నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు.

చివరి రెండింటినీ కలిపి చదవమని కోరుతున్నాను. అవి రెండూ ఒకే రోజున, ఒకే పంపు గదిలో పుట్టాయి.

ఇది చదివేవాళ్లలో తాగునీటి పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు ఉంటారని నా ఆశ. మీకు ముందే ఒక మాట చెప్పాలి. భూమి వేడెక్కడం లేదని వాదించే మనిషిని కాను. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ పడమటి మండలాల్లో బోరు ఎంత లోతున తడి చూపేదో, రిటైరయ్యేనాటికి ఎంత లోతుకు పోయిందో నా కళ్లతో చూశాను. ఎండ ముదిరిందని నాకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. నా అనుమానం ఎండ మీద కాదు, ఎండ పేరు చెప్పి నడిచే రాజకీయం మీద.

జీపు గురించి నాలుగు మాటలు చెప్పాలి. అది అందమైన బండి కాదు. పొగ కూడా నిజమే. కానీ వెనక భాగంలో బోరు మోటారు, పైపులు, మోకులు, బరువు దించే చైన్ బ్లాకు అన్నీ పట్టేవి. దాని అరుపు వాగు అవతలినుంచే వినిపించేది. మోటారు దించాలంటే పదిమంది మగవాళ్లు కావాలి. జీపు అరుపు విని పొలాల్లో పనిచేసేవాళ్లు పలుగులు పక్కన పెట్టి, ముక్కాలి కర్రలు భుజాన వేసుకుని బోరు దగ్గరికి వచ్చేవారు. మేము చేరేసరికి వాళ్లు సిద్ధంగా ఉండేవారు. ఏళ్లుగా పని అలాగే జరిగింది. ఎవరూ రాసిపెట్టిన పద్ధతి కాదు.

కొత్త కారు చప్పుడు చేయదు. డ్రైవరు జీపు నడిపిన పాత మనిషే, యాభై దాటినవాడు. మొదటి రోజే గొర్రెల మంద మధ్యలో చిక్కుకుని, గంటసేపు హారను కొట్టి విసిగిపోయాడు.

"దీన్ని జూసి గొర్రె గూడ పక్కకు జరగదు సార్," అన్నాడు. "హారనే దీనికి ఇంజను."

మా పై అధికారి నాకంటే చాలా చిన్నవాడు. చెడ్డవాడని రాస్తే అబద్ధం అవుతుంది. లంచం ముట్టని మనిషి, చదువుకున్న మనిషి, చెప్పేదాన్ని నమ్మి చెప్పే మనిషి. వయసులో పెద్దవాడినని నన్ను సార్ అనే పిలిచేవాడు. ఛార్జింగు గురించి రెండోసారి అడగడానికి వెళ్లినప్పుడు కుర్చీ చూపించి మర్యాదగా మాట్లాడాడు.

"భూమి వేడెక్కిపోతోంది సార్. ప్రభుత్వమే మొదలుపెట్టకపోతే ఇంకెవరు మొదలుపెడతారు? కొద్దిగా ఇబ్బంది పడాలి మరి."

"ఇబ్బంది పడటం పుల్లలచెరువు వాళ్లు ఎప్పుడో మొదలుపెట్టారు సార్. ఒకసారి వాడిన నీళ్లను రెండోసారి దేనికి వాడాలో వాళ్లను అడగండి, చెబుతారు. నేనడిగేది ఛార్జింగు గురించి."

"వస్తుంది సార్. అన్నీ ఒకేసారి రావు."

"అయితే ముందు ఛార్జింగు రావాలి, తర్వాత కారు రావాలి. మనకు తిరగబడి వచ్చింది."

ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అదే నెలలో పంపు గదులకు మందపాటి కరెంటు తీగ మార్పించాలని నేను పెట్టిన ప్రతిపాదన నిధులు లేవని తిరిగి వచ్చింది. ఎలక్ట్రిక్ కారు కొనుక్కునే పట్నంవాసికి పన్ను రాయితీ ఉంది. ఆ కరెంటుతోనే నీళ్లు తోడుకోవలసిన పల్లెకు తీగ లేదు. ఈ రెండూ ఒకే ప్రభుత్వపు ఒకే సంవత్సరపు నిర్ణయాలు. నా అనుమానం ఎక్కడ మొదలైందో ఇప్పుడు మీకు తెలిసి ఉంటుంది.

ఇక ఆ శుక్రవారం.

ఆ పల్లె రోడ్డు చివర ఉంది. దాని తర్వాత నల్లమల. బోరు మోటారు ముందు వారంలో కాలిపోయింది. జనం ఎండిన వాగులో చెలమ తవ్వి, అందులో ఊరిన నీళ్లు తాగుతున్నారు. పంపు ఆపరేటరు కూతురు, ఏడెనిమిదేళ్ల పిల్ల, ఆ నీళ్లు తాగి వాంతులూ విరేచనాలతో పడిపోతే యర్రగొండపాలెం తీసుకుపోయి సెలైన్లు ఎక్కించారు. ఇంటికి తెచ్చేటప్పుడు డాక్టరు చెప్పిన మాట ఒకటే: మళ్లీ ఆ చెలమ నీళ్లు పట్టించారంటే ఈసారి నా చేతిలో లేదు. ఆపరేటరు పట్నం నుంచి ఒక ప్లాస్టిక్ డబ్బాతో మంచినీళ్లు తెచ్చుకుని, పిల్ల కోసం మూత బిగించి దాచాడు. ఆ డబ్బా అయిపోయేలోగా మేము మోటారు దించాలి. గురువారం సాయంత్రం ఫోనులో అతను చెప్పింది అంతే. మిగతా ఏదీ అడగలేదు.

గురువారం రాత్రి మార్కాపురంలో గాలివాన వచ్చి కరెంటు పోయింది. పొద్దున చూస్తే కారు సగం పైచిలుకే నిండింది. పై అధికారికి ఫోను చేశాను.

"పోవడానికి సరిపోతుందా సార్?" అని అడిగాడు.

"పోవడానికి సరిపోతుంది. రావడానికి చాలదు. ఒక్క రోజుకు ట్రాలీ ఆటో పెట్టుకోనివ్వండి."

"మళ్లీ ఆ బిల్లు సమస్య ఎందుకు సార్? అక్కడ పంపు హౌస్‌లో ప్లగ్ ఉంటుంది కదా. అక్కడ పెట్టుకోండి. నేను చెబుతున్నాను కదా."

ఈ మాటలు ఆయనవే. వీటిని తర్వాత మళ్లీ ప్రస్తావించవలసి వస్తుంది.

కొత్త మోటారును డిక్కీలో పెట్టబోతే పట్టలేదు. గోనెసంచి చుట్టి వెనక సీటు మీద అడ్డంగా పడుకోబెట్టాము. డ్రైవరు దానికి సీటు బెల్టు కట్టాడు. "మలుపుల్లో లేచి నా మెడ మీద పడకుండా," అన్నాడు. ఏసీ వేయలేదు, వేస్తే ఛార్జింగు తింటుంది. అద్దాలు దించి ఎండగాలిలో పోయాము. డ్రైవరు చూపు రోడ్డు మీద కంటే ఎదురుగా తగ్గుతున్న అంకె మీదే ఎక్కువగా ఉంది. నా చూపూ అక్కడే. బండి బరువుకి, గుంతల రోడ్డుకి, ఎండకి ఆ అంకె మేము లెక్క వేసుకున్నదానికంటే తొందరగా పడిపోయింది. డ్రైవరు హారను కొట్టడం కూడా మానేశాడు. హారనుకు పోయే ఛార్జింగు లెక్కలోకి రాదని తెలిసినా నేను కొట్టమనలేదు.

పల్లెకు చేరేసరికి బోరు దగ్గర ఒక్క మనిషి లేడు. కారు వచ్చినట్టు ఎవరికీ తెలియలేదు. పంపు గది పక్క ఇల్లే ఆపరేటరుది. అతని తల్లి గడపలో కూర్చుని ఉంది.

"ఇంత సప్పుడు లేకుండా వచ్చినావేంది నాయనా, పామొచ్చినట్టు," అంది. "జీపు అరుపు ఇనపడలే, మీరింక రారనుకొని మగోళ్లంతా పనులకు పోయినారు."

"మనవరాలు ఎట్లుందవ్వా?"

"పండుకోనుంది. నీళ్లు నీళ్లంటాది. గుటక గుటక పోస్తా ఉండా."

మా మాటలు విని ఆపరేటరు ఇంట్లోంచి వచ్చి, పొలాల వెంట తిరిగి మనుషులను కేకేసి పోగుచేసేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. ఇక్కడ కరెంటు సంగతి చెప్పాలి. బోరు మోటారు తిరగడానికి మూడు ఫేజుల కరెంటు కావాలి. ఆ పల్లె వ్యవసాయ లైను మీద ఉంది కనుక అది మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకే వస్తుంది. తర్వాత వచ్చేది బల్బు మినుకు మినుకుమనే కరెంటు. దానితో మోటారు తిరగదు, కారు కూడా ఎక్కించుకోదు. ఎర్ర దీపం చూపించి ఊరుకుంటుంది. అంటే ఆ పల్లెకు నీళ్లు కావాలన్నా, మాకు తిరిగి పోవాలన్నా ఆ కొద్ది గంటలే దిక్కు.

ముక్కాలి నిలబెట్టి, పైపులు ఒక్కొక్కటే బిగించి, మోటారును దించాము. కరెంటు రావడానికీ, పని పూర్తవడానికీ సరిపోయింది. స్టార్టరు నొక్కమని ఆపరేటరుకు చెప్పి, నేను ఊరికి అవతలి చివర మిట్ట మీదున్న ట్యాంకు దగ్గరికి నడిచాను. అక్కడ వాల్వు కారుతోంది. నీళ్లు ఎక్కే ముందే బిగించాలి.

వాల్వు బిగించి పైపు మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాను. నీళ్లు రావడానికి ముందు పైపులో గాలి కదులుతుంది. చేతికి సన్నని వణుకు తెలుస్తుంది. కొత్తవాళ్లు ఇది నేర్చుకోవాలి. ఏ మీటరూ అంత ముందుగా చెప్పదు. నా చేతికి ఏమీ తెలియలేదు. పైపు ఎండకు కాలుతోంది, అంతే. కాసేపు చూశాను. జాయింటు ఊడిందేమో అనుకున్నాను. తీగలు తారుమారై మోటారు వెనక్కి తిరుగుతోందేమో అనుకున్నాను. చివరికి కొత్త మోటారే పనికిరానిదేమో అనుకున్నాను. మళ్లీ పైకి లాగి, మార్కాపురం పోయి, ఇంకొకటి తెచ్చేసరికి ఆ డబ్బాలో నీళ్లు ఉండవు. మిట్ట మీద ఫోనుకు సిగ్నలు లేదు. ట్యాంకు నీడ తూర్పుకు సాగుతుంటే లేచి, ఈ వయసులో ఎంత వేగం సాధ్యమో అంత వేగంగా వెనక్కి నడిచాను.

పంపు గదిలో మోటారు ఆపి ఉంది. గోడకున్న ప్లగ్గు నుంచి తీగ బయటికి వచ్చి కారులోకి పోయింది. కారుకు పచ్చ దీపం వెలుగుతోంది. వేపచెట్టు కింద మోకులు లాగిన మగవాళ్లందరూ కూర్చుని ఉన్నారు. నన్ను చూసి ఆపరేటరు లేచి, మంచి పని చేసినవాడిలా ఎదురొచ్చాడు.

"మోటారు ఏమైంది?" అన్నాను.

"మోటారు బంగారంగుండాది సారూ. తిప్పి చూసినా. రెండూ కలిపి పెడితే స్టార్టరు పడిపోయి మోటారు ఆగిపోతాంది, తీగ సన్నం గదా. మీరు పొద్దుండంగనే మార్కాపురం చేరాల. మా పని మీద వచ్చినోళ్లను రోడ్డు మింద నిలబెడతామా? బండి తాగినాక మనం తాగుదాంలే అని ఆపినా."

"నీ బిడ్డకు నీళ్లో?"

"డబ్బా అడుగున ఉండాయి సారూ. మాపటిదాంక సరిపోతాయి."

చెట్టు కింద ఒక్కరూ కాదనలేదు. వారం రోజులు చెలమ నీళ్లు తాగిన మనుషులు మా కారు నిండే వరకు ఓపిగ్గా కూర్చున్నారు. ఇంటికి వచ్చినవాళ్లకు ముందు పెట్టి తర్వాత తాము తినడం వాళ్లకు అలవాటు. ఆ అలవాటును వాళ్లు కారుకు కూడా వర్తింపజేశారు. నేను డ్రైవరు వైపు చూశాను.

"వద్దన్నా సార్," అన్నాడు నేల చూస్తూ. "గట్టిగా అన్లేదు."

ప్లగ్గు పీకేశాను. మోటారు వేయించాను. మొదట బురద నీళ్లు వచ్చాయి. వాటిని బయటికి వదలాలి. తేటపడ్డాక ట్యాంకు వైపు మళ్లించాము. పొద్దు కొండవైపు వాలింది. చెట్టు కింద నుంచి అందరూ ట్యాంకు దగ్గరికి వచ్చారు, బిందెలతో ఆడవాళ్లూ వచ్చారు. అందరూ పైపు చప్పుడే వింటున్నారు. ఇంతలో ఆ చప్పుడు ఆగిపోయింది. ఆ రోజు వంతు కరెంటు అయిపోయింది.

ట్యాంకు అడుగున నీళ్లు చేరాయి గానీ కుళాయిలకు పోయే పైపు అంతకంటే ఎత్తులో ఉంది. ఆపరేటరు నిచ్చెన ఎక్కి ట్యాంకులోకి దిగాడు. లోపలినుంచి బకెట్లతో తోడి అందిస్తే, పైనున్నవాళ్లు మోకుతో కిందికి దించారు. పై వీధికి తలా ఒక బిందె వచ్చింది. కింది వీధి వంతు వచ్చేసరికి బకెట్టులో ఒండ్రు తప్ప ఏమీ రాలేదు. వాళ్లు ఖాళీ బిందెలు చంకన పెట్టుకుని వాగు వైపు పోయారు. నేను చూస్తూ నిలబడ్డాను. నా ఉద్యోగంలో నేను దించిన మోటార్లు ఎన్నో ఉన్నాయి. మోటారు బాగుండి, కరెంటు వచ్చి, నీళ్లు అందకపోవడం అదొక్కసారే.

ఆపరేటరు కూతురికి ఒక బిందె దక్కింది. అవ్వ దాన్ని కాచి, చల్లార్చి, పట్టించింది. అంతవరకు నా ప్రాణం కుదుటపడింది.

మర్నాడు కారును ట్రాక్టరుకు కట్టి లాగించుకుని వచ్చాము. డ్రైవరు అద్దాలు ఎక్కించుకుని కూర్చున్నాడు. అయినా ట్రాక్టరు పొగ లోపలికి వచ్చింది. "పొగలేని బండిలో ఇంత పొగ ఎప్పుడూ మింగలేదు సార్," అన్నాడు. ఆ మాటకు నవ్వాము కూడా. పల్లెలో మోటారు ఆ మధ్యాహ్నం నుంచి సరిగ్గా నడిచింది. కానీ ఆ వారంలోనే కింది వీధి పిల్లలు ఇద్దరు సెలైన్ల పాలయ్యారు. దేవుని దయ, బతికారు. ఎందుకు జబ్బుపడ్డారని పత్రికవాళ్లు అడిగారు. అడిగినందుకు ఎవరో ఒకరు దొరకాలి.

దొరికింది ఆపరేటరు. కరెంటు ఉండగా మోటారు ఆపాడు కనుక నిర్లక్ష్యం. పంపు గది కరెంటును అనుమతి లేకుండా వాహనానికి ఇచ్చాడు కనుక దుర్వినియోగం. నేను వివరణ రాశాను. కారు తెచ్చింది నేను, ప్లగ్గు వాడమన్నది పై అధికారి, తీగ సన్నమని ముందే రాసింది నేను, శిక్ష వేయాలంటే నాకే వేయమని రాశాను. జవాబు రాలేదు. పై అధికారి దగ్గరికి స్వయంగా వెళ్లాను. ఆయన ముఖం వాడిపోయి ఉంది.

"నేను అనలేదని అనడం లేదు సార్. ఫోన్‌లో అన్న మాటను ఫైల్లో ఎలా పెట్టమంటారు?"

"నోటితో పెట్టిన ఉత్తర్వు నోటితోనే పోతుందన్నమాట."

"ఈ పథకం మొదటి ఏడాదే చెడ్డపేరు రాకూడదని పై నుంచి చెప్పారు. రేపు మీరూ నేనూ ఉండం. పథకం ఉండాలి."

ఇదే నేను చెప్పదలచుకున్న రాజకీయం. పథకం కోసం మనుషులు సర్దుకోవాలి. మనుషుల కోసం పథకం ఒక్క తీగ మందం కూడా సర్దుకోదు. జులైలో నాకిచ్చిన ప్రశంసాపత్రానికి లెక్క ఎలా కట్టారో తర్వాత తెలిసింది. కారు తిరిగిన దూరమంతా పొగ తప్పించిన దూరం కింద రాశారు. ట్రాక్టరు వెనక లాగించుకొచ్చిన దూరం కూడా అందులోనే ఉంది. షెడ్డులో కదలకుండా ఉన్న దినాలకు డీజిలు మిగిలింది కనుక అదీ కలిపారు. మేము పోలేకపోయిన పల్లెలే ఆ లెక్కలో లాభంగా కనిపించాయి. ఆ పత్రాన్ని చింపలేదు. చింపితే ఋజువు పోతుంది.

ఆపరేటరు ఇప్పుడు కూలికి పోతున్నాడు. కిందటి నెల రాచర్లలో బంధువుల ఇంటికి పోతూ గిద్దలూరు బస్టాండులో కనిపించాడు. నా చేతిలో సంచి లాక్కుని బస్సు దాకా మోశాడు. నేను ఆ సంగతి ఎత్తబోతే అడ్డం పడ్డాడు.

"ఇడ్సిపెట్టండి సారూ. మీ బండని కాదు, మా ఇంటికొచ్చిన బండని పెట్టినా. ఇంకోరి బండైనా పెట్టేటోన్నే."

అతను విడిచిపెట్టవచ్చు. నేను విడిచిపెట్టను.

కనుక నేను పనిచేసిన శాఖను, ఆ కారును పంపిన ప్రభుత్వాన్ని ఈ వ్యాసం ద్వారా ఒక్క ప్రశ్న అడుగుతున్నాను. ఆ శుక్రవారం మధ్యాహ్నం ఆ పల్లెకు వచ్చిన కరెంటు మొదట ఎవరికి చెందాలి: ట్యాంకుకా, కారుకా?

ట్యాంకుకే అంటే, తిరిగి రాలేని కారును అక్కడికి పంపి, అక్కడి ప్లగ్గులో పెట్టుకోమన్నవారిని వదిలేసి, ఆపరేటరును తొలగించడానికి కారణం రాయండి. కారుకే అంటే, అతను మీ పథకాన్ని తు.చ. తప్పకుండా అమలుచేశాడు, అతని ఉద్యోగం అతనికి తిరిగి ఇస్తూ ఉత్తర్వు రాయండి. మూడో జవాబు ఉంటే అదీ రాయండి, నేర్చుకుంటాను.

జవాబు ఫోనులో వద్దు. కాగితం మీద, సంతకంతో, పంపిన తేదీతో కావాలి. ఒక ప్రతి నాకు, ఒక ప్రతి ఆ పల్లెలో పంపు గది పక్క ఇంటికి పంపించండి. అది తెలుగులో ఉండాలి. ఆపరేటరుకు చదువు రాదు. కూతురు బడికి పోతోంది. ఆమె చదివి వినిపిస్తుంది.